డాలరు గుర్తు ఎవరిది?

వెబ్ కథ: 9వ భాగం

1999 డిసెంబరులో జావాస్క్రిప్టు భాషకు మూడో ప్రమాణపత్రం వెలువడింది. పేర్లు ఎలా పెట్టుకోవాలో చెప్పే విభాగంలో ఒక చిన్న మాట ఉంది. పేరులో డాలరు గుర్తు ఎక్కడైనా రావచ్చు గానీ, అది మనుషులు వాడుకోవడానికి కాదు, యంత్రాలు తయారుచేసే కోడు కోసం ఉద్దేశించినది అని దాని సారాంశం. మనిషి రాసే పేర్లూ యంత్రం పుట్టించే పేర్లూ కలిసిపోకుండా ఒక గుర్తును తీసి పక్కన పెట్టారన్నమాట. ఊరి ఉమ్మడి అవసరాలకని వదిలిన బంజరు లాంటిది అది. ఆరేళ్ళు తిరక్కుండానే ఒకరొచ్చి అందులో పాక వేశారు. మరుసటి ఏడాదికల్లా ఇంకో ఇద్దరు అదే జాగాలో గుంజలు పాతారు.

ఈ వారం కథంతా ఆ ఒక్క గుర్తు చుట్టూ తిరుగుతుంది.

గత సంచికలో నెట్‌స్కేప్ ఓడిపోయిన దగ్గర ఆగాం. 2001 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6ను విడుదల చేసింది. దాని తర్వాతి వెర్షను రావడానికి 2006 అక్టోబరు దాకా పట్టింది. ఆ ఐదేళ్ళూ పేజీలు రాసేవాళ్ళ బతుకు దుర్భరం. పేజీలోని బొత్తాన్ని నొక్కితే ఏదో ఒకటి జరగాలి, అంతే కావలసింది. దానికి ఎక్స్‌ప్లోరర్‌లో అటాచ్‌ఈవెంట్ అని రాయాలి, మొజిల్లాలో యాడ్‌ఈవెంట్‌లిజనర్ అని రాయాలి. పని ఒకటే, పేర్లు రెండు, ప్రవర్తనలోనూ తేడాలు. ప్రతి ప్రోగ్రామరూ ‘ఈ బ్రౌజరైతే ఇలా, ఆ బ్రౌజరైతే అలా’ అంటూ తన సొంత అతుకుల బొంత కుట్టుకునేవాడు. ఆ బొంతలనే నలుగురికీ పనికొచ్చేలా శుభ్రంగా కుట్టి పంచిపెట్టడంతో లైబ్రరీల కాలం మొదలైంది.

మొదలవడానికి ఒక అవసరం కూడా తోడైంది. 2004 ఏప్రిల్‌లో జీమెయిల్, 2005 ఫిబ్రవరిలో గూగుల్ మ్యాప్స్ వచ్చాయి. పేజీ మొత్తం మళ్ళీ తెప్పించుకోకుండా, కావలసిన ముక్కను మాత్రమే సర్వరు నుంచి తెచ్చుకుని అతికించవచ్చని జనానికి కళ్ళారా కనిపించింది. అదే ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గారెట్ ఆ పద్ధతికి ‘ఏజాక్స్’ అని పేరు పెట్టాడు. ఇక ప్రతి కంపెనీకీ ఏజాక్స్ కావాలి. దాన్ని చేతితో రాయడమంటే బ్రౌజర్ల తేడాలన్నిటితో కుస్తీ పట్టడమే.

ఆ నెలలోనే సామ్ స్టీఫెన్సన్ ‘ప్రోటోటైప్’ లైబ్రరీని తెచ్చాడు. సైట్లు కట్టే చట్రం రూబీ ఆన్ రెయిల్స్‌కు ఏజాక్స్ తోడు కావాలి కాబట్టి పుట్టిన లైబ్రరీ ఇది. రెయిల్స్ తెచ్చుకున్నవాళ్ళందరి ఇంటికీ ప్రోటోటైప్ దానితోపాటే వచ్చింది. దాన్ని ప్రత్యేకంగా ఎంచుకున్నవాళ్ళకన్నా, రెయిల్స్‌తో కలిపి అందుకున్నవాళ్ళే ఎక్కువ.

ఈ ప్రోటోటైపే డాలరు గుర్తును ఒక ఫంక్షను పేరుగా వాడకంలోకి తెచ్చింది. పేజీలో ఒక భాగాన్ని దాని గుర్తింపు పేరుతో పట్టుకోవాలంటే ‘డాక్యుమెంట్.గెట్‌ఎలిమెంట్‌బైఐడీ’ అని రాయాలి. ఇంగ్లీషులో చుక్కతో కలిపి 23 అక్షరాలు. రోజుకు వందసార్లు కొట్టాల్సిన మాట. దాని బదులు $ అనే ఒక్క గుర్తు చాలు. ఆ రోజుల్లో కీబోర్డు ముందు కూర్చున్నవాళ్ళకు ఇదెంత హాయిగా ఉండేదో ఇప్పుడు చెప్తే నమ్మడం కష్టం. ఒకే తరహా భాగాలన్నీ ఒకేసారి కావాలంటే రెండు డాలర్లు.

2006 జనవరి 14న న్యూయార్క్‌లో బార్‌క్యాంప్ అనే సమావేశంలో 21 ఏళ్ళ జాన్ రెసిగ్ తన లైబ్రరీని బయటపెట్టాడు. పేరు జేక్వెరీ. పేజీల అలంకరణకు వాడే సీఎస్ఎస్ భాషతోనే పేజీలో దేన్నైనా వెతికి పట్టుకోవచ్చన్నది దాని మూల ఆలోచన. మెనూలోని వరసలన్నీ కావాలా? అలంకరించేటప్పుడు వాటిని ఎలా పిలుస్తావో అలాగే పిలువు. దొరికిన వాటిని దాచెయ్, రంగు మార్చు, మెల్లగా కిందికి జార్చు. ఒకదాని వెనక ఒకటి, గొలుసులాగా ఒకే వాక్యంలో రాసెయ్యవచ్చు. జావాస్క్రిప్టును క్షుణ్ణంగా చదవని డిజైనరుకు కూడా ఇది ఒక మధ్యాహ్నంలో పట్టుబడేది.

పిలవడానికి రెసిగ్ కూడా డాలరు గుర్తునే తీసుకున్నాడు.

అదే ఏడాది సెప్టెంబరులో వాలేరియో ప్రొయెట్టీ మూటూల్స్ తెచ్చాడు. అంతకుముందు ప్రోటోటైప్ మీద ఆధారపడి నడిచే బొమ్మల కదలికల లైబ్రరీ ఒకటి ఆయనే రాశాడు. దాన్నుంచి ఎదిగి వేరుకాపురం పెట్టినది మూటూల్స్. దానికీ డాలరు గుర్తే కావలసివచ్చింది.

ఒకే పేరు ముగ్గురికి ఉంటే వచ్చే చిక్కేమిటో చెప్పాలంటే బ్రౌజరు లోపలి ఏర్పాటు కాస్త చెప్పాలి. ఒక పేజీలోకి వచ్చే స్క్రిప్టులన్నిటికీ ఆ కాలంలో ఒకటే గది. గోడల్లేవు, తలుపుల్లేవు. ఎవరు ఏ పేరు పెట్టినా ఆ గది గోడమీదే రాయాలి. రెండోవాడు వచ్చి అదే పేరు రాస్తే మొదటివాడి రాత చెరిగిపోతుంది. అభ్యంతరం చెప్పే నాథుడుండడు, హెచ్చరికా రాదు. మొదటి లైబ్రరీని నమ్ముకుని రాసిన కోడు మాత్రం ఆ తర్వాత ఎప్పుడో, ఇంకెక్కడో కూలిపోతుంది.

ఇది నేను దగ్గరగా చూసిన సంగతే. 2009లో గుంటూరులో ఒక విత్తనాల వ్యాపారి సైటును జూమ్లా 1.5 అనే సాఫ్ట్‌వేరుతో కట్టాం. అప్పట్లో జూమ్లాతో మూటూల్స్ కలిసే వచ్చేది, మెనూ దానితోనే తెరుచుకునేది. ముందు పేజీలో పంట ఫొటోలు ఒకదాని వెనక ఒకటి మారుతూ ఉండాలని ఆయన పట్టుబట్టాడు. ఫొటోలు మార్చే ప్లగిన్ ఒకటి దొరికింది, అది జేక్వెరీది. పెట్టాం. ఫొటోలు చక్కగా మారుతున్నాయి. మెనూ చచ్చిపోయింది. “ఫొటోలొచ్చాయి గానీ ధరల పేజీకి పోయే దారేదండీ?” అని ఆయన ఫోను.

ఫైర్‌ఫాక్స్‌లో తప్పులు చూపించే ఫైర్‌బగ్ తెరిచి చూస్తే ఎర్రటి అక్షరాల్లో ఒకటే వరస: యాడ్‌ఈవెంట్ అనేది ఫంక్షను కాదు. యాడ్‌ఈవెంట్ మూటూల్స్ ఇచ్చే ఫంక్షను, అది ఎందుకు కాకుండా పోతుంది? రాత్రి పదకొండు దాకా నేను మెనూ కోడులోనే తప్పు వెతికాను. తప్పు అక్కడ లేదు. మెనూ కోడు ‘డాలరు’ అని పిలిచినప్పుడు పలికింది మూటూల్స్ కాదు, దాని తర్వాత గదిలోకి వచ్చిన జేక్వెరీ. జేక్వెరీ తన పద్ధతిలో వెతికి, ఏమీ దొరక్క, తన సొంత పెట్టె ఒకటి ఖాళీగా ఇచ్చింది. ఆ పెట్టెలో యాడ్‌ఈవెంట్ అనేది ఎప్పుడూ లేదు. చివరికి బాగుచేసింది ఒక్క వాక్యం. జేక్వెరీ ఫైలు కింద ‘నోకాన్‌ఫ్లిక్ట్’ అని పిలిచి, ప్లగిన్‌లో డాలరు ఉన్నచోట జేక్వెరీ పూర్తిపేరు రాశాను. మెనూ తెరుచుకుంది, ఫొటోలూ మారాయి.

ఆ నోకాన్‌ఫ్లిక్ట్ దగ్గర కాసేపు ఆగాలి. ఈ చరిత్రలో నాకు ఎంతో ఇష్టమైన నాలుగు వరసల కోడు అది.

అది పనిచేసే తీరు చూడండి. జేక్వెరీ గదిలోకి అడుగుపెట్టగానే మొట్టమొదట చేసే పని, గోడమీద డాలరు అనే పేరు ఇప్పటికే ఉందా అని చూడటం. ఉంటే ఆ పాత యజమానిని జాగ్రత్తగా తన దగ్గర దాచిపెట్టుకుంటుంది. ఆ తర్వాతే తన పేరు రాసుకుంటుంది. ఎవరైనా నోకాన్‌ఫ్లిక్ట్ అని పిలిస్తే, దాచినదాన్ని తీసి పాత యజమానికి పాత చోటు అప్పగించి, తాను జేక్వెరీ అన్న పూర్తిపేరుతో సరిపెట్టుకుంటుంది. కాస్త గట్టిగా అడిగితే ఆ పూర్తిపేరు కూడా వదిలేస్తుంది. ఒకే పేజీలో జేక్వెరీ పాత వెర్షనూ కొత్త వెర్షనూ రెండూ ఉండాల్సివచ్చినప్పుడు అది పనికొచ్చింది. అలా ఉండాల్సిరావడం అరుదేమీ కాదు, ఒక ప్లగిన్ పాతదాన్ని అడిగేది, ఇంకోటి కొత్తదాన్ని.

పోటీలో ఉన్నవాడు ఎదుటివాడి చోటు ఎదుటివాడికి తిరిగిచ్చే ఏర్పాటును తొలినాళ్ళలోనే తనలో పెట్టుకోవడం మామూలు సంగతి కాదు. ఇందులో మర్యాద ఉంది, లెక్కా ఉంది. 2006లో జేక్వెరీ కొత్తగా వచ్చిన పిల్ల. పెద్ద సైట్లలో అప్పటికే ప్రోటోటైప్ కాపురముంది. ‘దాన్ని వెళ్ళగొట్టి నన్ను తెచ్చుకోండి’ అంటే ఎవరు వింటారు? ‘దాన్ని ఉండనివ్వండి, నాకు ఓ మూల చోటివ్వండి’ అంటే వింటారు. ఒక మూల చోటిచ్చిన సైట్లలో కొత్త పనులన్నీ మెల్లమెల్లగా జేక్వెరీలో రాయడం మొదలైంది. జేక్వెరీ గెలుపుకు దాని తేలిక వాడకమే కారణమని చాలామంది రాస్తారు. నేను ఒప్పుకోను. తేలికగా వాడుకునేవి ఇంకా ఉన్నాయి. ఇంకొకరి పక్కన గొడవ లేకుండా ఇమిడిపోవడం జేక్వెరీకి తెలిసినంతగా వేరేవాటికి తెలియలేదు.

2007 జనవరిలో జూమ్లా లాంటిదే అయిన డ్రూపల్ 5 తనతో జేక్వెరీని కలుపుకుంది. వర్డ్‌ప్రెస్ కూడా కలుపుకుంది. తన కాపీలో నోకాన్‌ఫ్లిక్ట్‌ను ముందే పిలిచేసి ఉంచింది, పక్కన ఎవరి ప్లగిన్లు ఉంటాయో తెలియదు కాబట్టి. 2008 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్, నోకియా రెండూ జేక్వెరీని తమ పనుల్లో వాడుకుంటామని ప్రకటించాయి. మైక్రోసాఫ్ట్ వారి ప్రోగ్రామింగ్ పరికరం విజువల్ స్టూడియోతో జేక్వెరీ రావడమంటే, డాట్‌నెట్ మీద బతికే లక్షలాదిమంది బల్లమీదికి అది చేరడం. హైదరాబాదు అమీర్‌పేటలో డాట్‌నెట్ కోర్సుల బోర్డుల మీద జేక్వెరీ పేరు చేరింది ఈ దారినే.

పేర్ల గొడవకు ఇంకో మందు కూడా ఉంది. తెలుగువాళ్ళకు అది చెప్పనక్కరలేదు. మన ఊళ్ళో వెంకటేశ్వర్లు పది మంది ఉంటారు. తికమక పడం, ఎందుకంటే ఇంటిపేరు ముందుంటుంది. యాహూ కంపెనీ 2006 ఫిబ్రవరిలో బయటపెట్టిన లైబ్రరీ సరిగ్గా ఈ పద్ధతే పాటించింది. దానిలో ప్రతి ఫంక్షనుకూ ముందు యాహూ అనే ఇంటిపేరు, తర్వాత శాఖ పేరు, ఆ తర్వాతే అసలు పేరు. డోజో అనే లైబ్రరీ కూడా అంతే. ఈ రెండిటివల్లా ఎవరి గోడరాతా చెరిగిపోలేదు. కానీ ప్రతిసారీ ఇంటిపేరుతో సహా నిలువునా రాయాలి. పెద్ద కంపెనీల్లో క్రమశిక్షణతో పనిచేసేవాళ్ళకు నచ్చింది, రాత్రికి రాత్రి సైటు నిలబెట్టాల్సినవాళ్ళకు నచ్చలేదు.

జేక్వెరీ ప్లగిన్లు రాసేవాళ్ళు రెంటికీ మధ్యేమార్గం కనిపెట్టారు. ప్లగిన్ మొత్తాన్ని ఒక ఫంక్షనులో చుట్టేస్తారు. బయట నుంచి పూర్తిపేరుతో జేక్వెరీని లోపలికి పంపి, లోపల మాత్రం దాన్ని డాలరు అని పిలుచుకుంటారు. బయట సర్టిఫికెట్‌లో ఉన్న పేరు, ఇంట్లో ముద్దుపేరు. బజార్లో ఇంకెవరు ఆ ముద్దుపేరుతో తిరిగినా ఇంట్లోవాళ్ళకు పట్టింపు ఉండదు. గుంటూరు సైటులో నేను పెట్టిన ప్లగిన్ రాసినాయన ఈ పని చేసి ఉంటే ఆ రాత్రి నాకు పదకొండయ్యేది కాదు.

మూటూల్స్ కూడా ఆలస్యంగానైనా దారికొచ్చింది. 2009లో వచ్చిన 1.2.3 వెర్షను నుంచి డాలరు పేరు అప్పటికే ఎవరైనా తీసుకుని ఉంటే తాను ముట్టుకోదు. అదే ఏడాది వచ్చిన అండర్‌స్కోర్ అనే లైబ్రరీ కింది గీత గుర్తును తన పేరుగా తీసుకుంది, నోకాన్‌ఫ్లిక్ట్‌ను కూడా వెంట తెచ్చుకుంది. ఆ తర్వాతి బ్యాక్‌బోన్‌కూ ఆ ఏర్పాటు ఉంది. ఒకరు మొదలుపెట్టిన మర్యాద నలుగురికీ ఆచారమైంది.

ఇక్కడిదాకా లైబ్రరీలు తమలో తాము పడ్డ గొడవ. అంతకన్నా లోతైనది ఇంకోటుంది. అందులో ఎదుటి పక్షం సాక్షాత్తూ భాష, బ్రౌజరు.

ప్రోటోటైప్, మూటూల్స్ రెండూ రూబీ భాష తరహా ఆలోచన ఉన్నవి. జావాస్క్రిప్టులో జాబితాలకు కావలసిన ఫంక్షన్లు లేకపోతే, ఉన్న జాబితాలకే వాటిని తగిలించేసేవి. ప్రపంచంలోని ప్రతి జాబితాకూ మూలరూపం ఒకటి ఉంటుంది. దానికి ఒక ఫంక్షను తగిలిస్తే ఆ పేజీలోని జాబితాలన్నిటికీ అది వచ్చేస్తుంది. రాసేవాడికి చాలా ముచ్చటగా ఉంటుంది. జేక్వెరీ ఈ పని చేయలేదు. తన ఫంక్షన్లన్నీ తన పెట్టెలోనే పెట్టుకుంది. ఎవరి వస్తువునైనా వాడాలంటే ముందు పెట్టెలో పెట్టి అప్పుడు వాడుతుంది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, బ్రౌజర్లు నిద్ర లేచాయి. ప్రోటోటైప్‌లో తరగతి పేరుతో పేజీ భాగాల్ని వెతికే ఫంక్షను ఒకటి ఉండేది. బ్రౌజరులో అది లేకపోతేనే తనది పెట్టుకోవాలని రాసుకుంది. 2008లో ఫైర్‌ఫాక్స్ 3 అదే పేరుతో తన సొంత ఫంక్షనుతో వచ్చింది. ప్రోటోటైప్ పద్ధతిగా తప్పుకుంది. కానీ ప్రోటోటైప్‌ది ఇచ్చే జాబితాలో ‘ఈచ్’ ఉండేది, బ్రౌజరుది ఇచ్చేదానిలో లేదు. దాన్ని నమ్ముకున్న కోడు కూలింది.

జేసన్ అనే సమాచార రూపం విషయం ఇంకా విచిత్రం. సర్వరుకు పంపడానికి సమాచారాన్ని అక్షరాలుగా మార్చే పనిని ఎక్స్‌ప్లోరర్ 8, ఫైర్‌ఫాక్స్ 3.5 సొంతంగా నేర్చుకున్నాయి. మార్చేముందు, ఆ వస్తువుకు టుజేసన్ అనే ఫంక్షను ఉందా అని అడిగి, ఉంటే అది ఇచ్చినదాన్ని తీసుకోవాలని నియమం. ప్రోటోటైప్ అప్పటికే ప్రతి జాబితాకూ టుజేసన్ తగిలించి ఉంది. అది నేరుగా అక్షరాలే ఇచ్చేది. బ్రౌజరు ఆ అక్షరాల్ని మళ్ళీ అక్షరాలుగా మార్చేది. దాంతో ఒకటి, రెండు అనే రెండంకెల జాబితా వెళ్ళాల్సినచోట, కొటేషన్లలో చుట్టిన ఒక ముద్ద వెళ్ళేది. సర్వరు దగ్గర కూర్చున్నవాడికి ఆ ముద్ద ఎక్కడినుంచి వచ్చిందో అంతుపట్టేది కాదు. ప్రోటోటైప్ 1.7లో గానీ ఇది కుదుటపడలేదు. ప్రోటోటైప్ ముఖ్య బృందంలోని యూరీ జైత్సెవ్ 2010 ఏప్రిల్‌లో, బ్రౌజరు వస్తువులకు ఫంక్షన్లు తగిలించే పద్ధతిలోని తప్పులను విడమరిచి పెద్ద వ్యాసం రాశాడు. తాము నిర్మించినదాని పునాదినే అంత నిజాయితీగా పరీక్షించడం గొప్ప విషయం.

అప్పటికి ప్రోటోటైప్, మూటూల్స్ వాడకం తగ్గుముఖం పట్టింది. కానీ జూమ్లాతో వెళ్ళిన మూటూల్స్ లెక్కలేనన్ని చిన్న సైట్లలో అలాగే ఉండిపోయింది. కట్టినవాళ్ళు వేరే ఉద్యోగాలకు పోయారు, యజమానులకు లోపల ఏముందో తెలియదు.

ఫైర్‌ఫాక్స్ 17లో, ఒక పదబంధంలో ఇంకో మాట ఉందా అని చెప్పే ఫంక్షనును ‘కంటెయిన్స్’ అన్న పేరుతో తెస్తే మూటూల్స్ 1.2 ఉన్న సైట్లు విరిగాయి. జాబితాలకూ అదే పేరుతో తేబోతే అక్కడా మూటూల్సే అడ్డం. 2014 నవంబరు సమావేశంలో భాషా ప్రమాణాల సంఘం రెండిటి పేరునూ ‘ఇంక్లూడ్స్’గా మార్చింది. ఇప్పుడు ప్రపంచమంతా రాస్తున్నది ఆ మాటే.

2018 మార్చిలో మళ్ళీ అదే కథ. జాబితాలో జాబితాలుంటే వాటిని విప్పి చదును చేసే ఫంక్షనుకు ‘ఫ్లాటెన్’ అని పేరు నిర్ణయించారు. ఫైర్‌ఫాక్స్ పరీక్ష వెర్షనులో పెట్టగానే బాగా జనం వచ్చే సైటు ఒకటి విరిగింది. కారణం మళ్ళీ మూటూల్స్, ఈసారి చాలా సూక్ష్మమైనది. జావాస్క్రిప్టులో ప్రతి వస్తువు గుణానికీ ‘లెక్కపెట్టేటప్పుడు కనపడాలా వద్దా’ అని ఒక చీటీ ఉంటుంది. బ్రౌజరు తనతో తెచ్చే ఫంక్షన్ల చీటీ మీద ‘వద్దు’ అని ఉంటుంది. మనం మామూలుగా తగిలించేవాటికి ‘కనపడాలి’ అని. మూటూల్స్ ముందు జాబితాల మూలరూపానికి తన ఫ్లాటెన్ తగిలిస్తుంది, తర్వాత ఆ మూలరూపంలో కనపడేవాటన్నిటినీ ఒక్కొక్కటిగా తన సొంత వస్తువులకు నకలు తీసుకుంటుంది. బ్రౌజరులో ఫ్లాటెన్ ముందే ఉంటే, మూటూల్స్ దాని స్థానంలో తనది పెట్టగలదు గానీ చీటీ మాత్రం పాతదే ఉండిపోతుంది. కనపడదు కాబట్టి నకలుకు ఎక్కదు. ఓటర్ల జాబితాలో పేరు లేనివాడిలా, మనిషి ఉన్నాడు గానీ పిలుపు రాదు.

పాత సైట్లు పోతే పోనీ అన్నవాళ్ళున్నారు. వద్దని గట్టిగా నిలబడ్డవాళ్ళు ‘స్పేస్ జామ్’ సినిమాకు 1996లో కట్టిన సైటు ఇంకా చెక్కుచెదరకుండా నడుస్తోందని చూపించారు. నేను ఈ రెండో పక్షం. విత్తనాల వ్యాపారి తన సైటును మళ్ళీ కట్టించుకోడు, కట్టించుకోవాల్సిన తప్పేమీ చేయలేదు కూడా. ప్రతిపాదన నడుపుతున్న మైకేల్ ఫికారా సగం నవ్వుతాలుకు ‘స్మూష్’ అని పేరు మార్చేద్దామన్నాడు. ఆ మాట మీద పెద్ద దుమారమే లేచింది. మే నెలలో సంఘం ‘ఫ్లాట్’ అన్న పేరు ఖాయం చేసింది. 2019 ప్రమాణంలో అదే ఎక్కింది.

గదికి గోడలు కూడా ఈలోపే వచ్చాయి. 2009లో సర్వరు వైపు మొదలైన మాడ్యూళ్ళ ఆలోచన 2015 నాటికి భాషలోనే భాగమైంది. ప్రతి ఫైలుకూ తన గది, ఏ పేరు బయటికివ్వాలో తానే చెబుతుంది. వాటివల్ల పుట్టిన కొత్త తగాదాలు చాలా ఉన్నాయి, వాటి సంగతి వచ్చే వారం.

ఈ వ్యాసం చదివాక మీ క్రోమ్ బ్రౌజరులో ఏదైనా పేజీ తెరిచి, ఎఫ్12 నొక్కి, కన్సోల్‌లో డాలరు గుర్తు ఒక్కటి కొట్టి చూడండి. పేజీలో ఏ లైబ్రరీ లేకపోయినా అది పలుకుతుంది. పేజీ భాగాన్ని వెతికిపెట్టే బ్రౌజరు సొంత ఫంక్షనుకు అది కన్సోల్‌లో ముద్దుపేరు. రెండు డాలర్లతో వెతికితే, ప్రోటోటైప్ రోజుల్లోలాగే, దొరికినవన్నీ జాబితాగా వస్తాయి. అదే పని జేక్వెరీ ఉన్న పేజీలో చేస్తే ఒంటి డాలరుకు పలికేది బ్రౌజరు కాదు, జేక్వెరీయే. ఆ పేజీలో ఆ పేరుకు యజమాని ఉన్నాడని చూసి బ్రౌజరు పక్కకు తప్పుకుంటుంది.

(తరువాయి వచ్చే సంచికలో)